దారి మళ్లించే డిఫెన్స్: హాకీ డిఫెండర్లకు చానెలింగ్ ఎలా నేర్పాలి

బంతితో దూసుకొస్తున్న ఫార్వర్డ్‌ను ఆపడం వేరు, అతను ఎటు వెళ్లాలో మనమే నిర్ణయించడం వేరు. కొత్తగా డిఫెన్స్‌లో ఆడేవారికి మొదటిదే తెలుసు. ఎదురుగా పరుగెత్తి స్టిక్ చాస్తారు. దొరికితే బంతి, దొరకకపోతే వెనక్కి తిరిగి వెంటపడటం. ఎటు వెళ్లాలో మనమే నిర్ణయించే ఆ రెండో పనినే చానెలింగ్ అంటారు. నీటికి మడవ తిప్పేవాడు ప్రవాహాన్ని ఆపడు, తనకు కావలసిన వైపుకు పంపుతాడు. డిఫెండర్ పని కూడా అలాంటిదే. బంతిని నియంత్రించడం, డ్రిబ్లింగ్ చేయడం ఇప్పటికే వచ్చిన ఆటగాళ్లకు ఈ నైపుణ్యాన్ని ఏ వరుసలో నేర్పాలో, ఎక్కడ తొందరపడకూడదో కోచ్‌గా మీకు చెప్పడానికి ఈ వ్యాసం. ఆరు నుంచి ఎనిమిది అభ్యాసాల్లో దీన్ని పూర్తి చేయవచ్చు, కానీ ఒక మెట్టు సరిగా పడకముందే తర్వాతి మెట్టుకు వెళ్తే మొత్తం మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది.

ముందుగా మీకు స్పష్టం కావలసిన లెక్క

హాకీ స్టిక్‌కు ఎడమ వైపు ముఖం ఒక్కటే చదునుగా ఉంటుంది. గుండ్రంగా ఉండే వెనుక భాగంతో బంతిని ఆడటం తప్పు. ఎడమచేతి వాటం వారికంటూ వేరే స్టిక్ లేదు. అందుచేత మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ కుడి వైపు, అంటే ఫోర్‌హ్యాండ్ వైపు బలం ఎక్కువ. ఎడమ వైపున ఆడాలంటే స్టిక్‌ను తిరగేసి, రివర్స్‌లో, చిన్న ముక్కుతో బంతిని అందుకోవాలి.

ఇద్దరు ఎదురెదురుగా నిలిచినప్పుడు డిఫెండర్ కుడి వైపు ఫార్వర్డ్‌కు ఎడమ వైపు అవుతుంది. కాబట్టి ఫార్వర్డ్‌ను డిఫెండర్ తన కుడి వైపుకు తిప్పగలిగితే ఒకే దెబ్బకు రెండు పిట్టలు: తన బలమైన వైపున తాను టాకిల్ చేస్తాడు, అంటే బంతి లాక్కుంటాడు, ఎదుటివాడు తన బలహీనమైన వైపుకు పరుగెత్తుతాడు. చానెలింగ్‌కు పునాది ఇదే. ఆటగాళ్లకు దీన్ని మాటల్లో చెప్పకండి; ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో బంతి పెట్టి, ఇద్దరినీ ఒకేసారి తమ కుడి చేతి వైపు చూపించమనండి. రెండు చేతులూ రెండు వేర్వేరు దిక్కులను చూపిస్తాయి. అరనిమిషంలో విషయం అర్థమవుతుంది.

ఇంకో లెక్క మైదానానిది. పొడవు 91.40 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. గోల్ వెడల్పు 3.66 మీటర్లు. గోల్ రేఖ నుంచి 14.63 మీటర్ల దూరంలో అర్ధవృత్తంలా గీసిన ‘డి’ లోపల దాడి చేసే జట్టు ఆటగాడు బంతిని ఆడితేనే గోల్ లెక్కకు వస్తుంది. అంటే డి బయట, సైడ్‌లైన్ పక్కన ఫార్వర్డ్ గడిపే ప్రతి సెకనూ మన ఖాతాలోనే పడుతుంది. వెనకబడిన మన హాఫ్ (మధ్య వరుస ఆటగాడు) ఒకరు 20 మీటర్లు పరుగెత్తి వెనక్కి చేరడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ మూడు నాలుగు సెకన్లు సంపాదించి పెట్టడమే చానెలింగ్ చేసే డిఫెండర్ మొదటి బాధ్యత. బంతిని లాక్కోవడం రెండోది.

తొందరపాటుకు హాకీలో మూల్యం కూడా ఎక్కువ. డి లోపల డిఫెండర్ కావాలని కాకుండా చేసిన తప్పుకే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్, అంటే గోల్ కొట్టే ప్రత్యేక అవకాశం, ఇస్తారు. 23 మీటర్ల రేఖ లోపల కావాలని చేసిన తప్పుకూ అదే శిక్ష. ఆ కార్నర్‌ను కాచుకోవడానికి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురికి మించి ఉండకూడదు. అడ్డంగా స్టిక్ విసిరి కార్నర్ ఇచ్చిన డిఫెండర్ కన్నా, బంతి ముట్టకుండానే ఫార్వర్డ్‌ను మూలకు నెట్టినవాడు జట్టుకు ఎక్కువ మేలు చేసినట్టు. మొదటి రోజే ఈ మాట ఆటగాళ్ల చెవిన వేయండి, లేకపోతే ‘నేను బంతి లాగలేకపోయాను’ అని వారు నిరాశపడతారు.

మొదటి మెట్టు: నిలుచునే తీరు

ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనుక, రెండింటి మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. మోకాళ్లు వంగి ఉండాలి, బరువు మునివేళ్ల వైపు ఉండాలి. స్టిక్ పైకొనను ఎడమ చేయి గట్టిగా పట్టుకోవాలి, కుడి చేయి కిందుగా తేలికగా ఆనుకోవాలి, స్టిక్ తల నేలకు దగ్గరగా ఉండాలి. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికేవే. అందరూ వదిలేసే వివరం ఒకటుంది: బంతి డిఫెండర్ ముక్కుకు ఎదురుగా కాదు, కుడి కాలికి ఎదురుగా ఉండాలి.

అంటే డిఫెండర్ బంతి దారి నుంచి అరమనిషి వెడల్పు తన ఎడమకు జరిగి నిలుస్తాడు. అప్పుడు ఫార్వర్డ్‌కు కుడి వైపు దారి మూసుకుపోయినట్టు, ఎడమ వైపు దారి తెరిచినట్టు కనిపిస్తుంది. ఛాతీ కూడా నేరుగా ఎదురుగా కాకుండా కొద్దిగా కుడికి తిరిగి ఉంటే, ఫార్వర్డ్ కదిలిన వెంటనే అదే దిశలో అడుగులు వేయడం సులువవుతుంది. ఛాతీ పూర్తిగా ఎదురుగా ఉన్న డిఫెండర్ కదలాలంటే ముందు తిరగాలి; ఆ తిరిగే అడుగులోనే ఫార్వర్డ్ దాటిపోతాడు.

దీన్ని పరీక్షించడానికి జంటలుగా నిలబెట్టండి. ఒకరు బంతిని కదపకుండా పట్టుకుని నిలుస్తారు, ఇంకొకరు ఈ తీరులో నిలుస్తారు. మీరు ఫార్వర్డ్ వెనక్కి వెళ్లి నిలబడి, అతని కళ్లతో చూడండి: ఎటు వెళ్లబుద్ధి అవుతోంది? జవాబు తడుముకోకుండా రావాలి. రెండు వైపులా ఒకేలా కనిపిస్తే డిఫెండర్‌ను ఇంకొంచెం జరపండి.

రెండో మెట్టు: దగ్గరికి చేరడం, దూరం నిలుపుకోవడం

బంతి ఫార్వర్డ్‌కు చేరే లోపే డిఫెండర్ వేగంగా దూరం తగ్గించాలి, చివరి నాలుగైదు మీటర్లలో అడుగులు చిన్నవి చేసి వేగం తగ్గించాలి. నేరుగా వెళ్లకూడదు, ఏ దారిని మూయాలనుకుంటున్నాడో ఆ వైపు నుంచి వంపు తిరుగుతూ చేరాలి. చేరాక ఆగిపోవడమూ తప్పే. ఫార్వర్డ్ పరుగులో ఉన్నప్పుడు డిఫెండర్ నిలకడగా ఉంటే, ఒక్క తాకుతో దాటేస్తాడు. అతను ఇంకా రెండు మూడు అంగల దూరంలో ఉండగానే వెనక్కి కదలడం మొదలుపెట్టి, వేగం వేగంతో కలపాలి.

దూరం ఎంత? స్టిక్ పొడవు దాదాపు 93 సెంటీమీటర్లు. ఎడమ చేయి పూర్తిగా చాచి, ఒక అడుగు ముందుకు వంగితే డిఫెండర్ స్టిక్ తల సుమారు రెండు మీటర్ల దూరం అందుకుంటుంది. కాబట్టి బంతికి రెండు నుంచి రెండున్నర మీటర్ల దూరం సరైనది. అంతకన్నా దగ్గరైతే ఫార్వర్డ్‌కు దాటే కోణం దొరుకుతుంది, అంతకన్నా దూరమైతే అతను తల ఎత్తి తీరిగ్గా పాస్ చూసుకుంటాడు. కొలత చెప్పి ఊరుకోకండి. ప్రతి ఆటగాడి చేత ఒకసారి చేయి చాచించి, స్టిక్ తల ఆనిన చోట కోన్ పెట్టించండి. పొట్టివారి కోన్ దగ్గరగా, పొడుగువారిది దూరంగా పడుతుంది. ఎవరి దూరం వారిది.

మూడో మెట్టు: రెండు గేట్ల ఆట

ఈ శిక్షణకు గుండెకాయ ఇదే. కనీసం రెండు అభ్యాసాలు దీనికే కేటాయించండి. 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న దారిని కోన్లతో గుర్తించండి. డిఫెండర్ వెనుక ఉన్న చివరి గీతపై రెండు మూలల్లో రెండు మీటర్ల వెడల్పు గేట్లు ఒక్కొక్కటి పెట్టండి. ఫార్వర్డ్ బంతితో ఒక కొస నుంచి బయలుదేరి, ఏదో ఒక గేటు గుండా బయటపడాలి. డిఫెండర్ కుడి వైపు గేటు గుండా బయటపడితే డిఫెండర్‌కు ఒక పాయింటు, ఎడమ గేటు గుండా బయటపడితే ఫార్వర్డ్‌కు రెండు పాయింట్లు.

మొదట డిఫెండర్ చేతిలో స్టిక్ ఉండకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, కేవలం అడుగులతోనే ఫార్వర్డ్‌ను కుడి గేటు వైపు మళ్లించాలి. స్టిక్ లేకపోతే మొదట అందరూ నవ్వుతారు, తర్వాత విసుక్కుంటారు, ఐదారు ప్రయత్నాల తర్వాత పాదాల గురించి ఆలోచించడం మొదలుపెడతారు. చానెలింగ్ పాదాలతో చేసే పని, స్టిక్ చివరి సంతకం మాత్రమే అని చెప్పడానికి ఇంతకు మించిన మార్గం నాకు దొరకలేదు.

ఫార్వర్డ్ మొదట నడకలో, తర్వాత మెల్లని పరుగులో, చివరికి పూర్తి వేగంతో రావాలి. ఈ సమయంలో మీ చూపు బంతి మీద ఉండకూడదు. డిఫెండర్ మడమల మీద ఉండాలి. చూడవలసినవి మూడే. మడమలు నేలకు ఆనాయంటే బరువు వెనక్కి పోయినట్టు, తర్వాతి అడుగు ఆలస్యమవుతుంది. ఒక కాలు ఇంకో కాలిని దాటి అడ్డంగా పడిందంటే ఆ క్షణంలో ఫార్వర్డ్ దిశ మార్చితే డిఫెండర్ తన కాళ్లకే తట్టుకుంటాడు. ముందున్న ఎడమ పాదం ఫార్వర్డ్ ఊపుకు మోసపోయి కుడికి జరిగిందంటే మూసి ఉంచవలసిన తలుపు తెరిచినట్టే. మూడో తప్పే అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఫార్వర్డ్ భుజం ఊపుతాడు, స్టిక్‌ను బంతి మీదుగా అటూ ఇటూ ఆడిస్తాడు. డిఫెండర్ కళ్లు ఆ నాట్యాన్ని నమ్ముతాయి. బంతి మాత్రం కదలదు. ‘భుజాన్ని చూడకు, బంతిని చూడు’ అని ఎన్నిసార్లు అరిచినా ఫలితం ఉండదు. దానికి బదులు ఫార్వర్డ్‌కు చెప్పి, మూడుసార్లు బంతి కదపకుండా శరీరాన్ని మాత్రమే ఊపమనండి. డిఫెండర్ కదిలిన ప్రతిసారీ ఒక పాయింటు కోల్పోతాడు. పాయింటు పోతే నేర్చుకుంటారు.

తర్వాత స్టిక్ చేతికివ్వండి, కానీ ఇంకా బంతిని తాకనివ్వకండి. స్టిక్ రాగానే పాదాలు మళ్లీ ఆగిపోతాయి, అందరికీ ఇలాగే అవుతుంది. ఒకటి రెండు రౌండ్ల పాటు ఓపిక పట్టండి.

నాలుగో మెట్టు: జాబ్‌తో కలవరపెట్టడం, అదను చూసి టాకిల్ చేయడం

జాబ్ అంటే ఎడమ చేతితో మాత్రమే స్టిక్‌ను పొడుస్తున్నట్టు ముందుకు చాచి, అంతే వేగంగా వెనక్కి తీసుకోవడం. స్టిక్ చదును ముఖం ఆకాశం వైపు ఉండాలి, తల నేలకు తగలనంత కిందుగా వెళ్లాలి. బంతి అందితే మంచిదే. కానీ జాబ్ అసలు ఉద్దేశం ఫార్వర్డ్ తల వంచి బంతిని చూసుకునేలా చేయడం. తల వంచినవాడికి పాస్ ఇవ్వవలసిన తోటివాడు కనిపించడు. ఎడమ గేటు వైపు, అంటే మనం మూయదలచిన వైపు చిన్న జాబ్ వేస్తే ఫార్వర్డ్ తనంతట తానే రెండో వైపు తిరుగుతాడు. స్టిక్‌తో పాటు శరీరం ముందుకు పడిపోవడం ఇక్కడ వచ్చే ప్రమాదం. జాబ్ వేసిన తర్వాత డిఫెండర్ వెంటనే ఒక అడుగు వెనక్కి వేయగలిగితే అతని సమతుల్యం సరిగా ఉన్నట్టు. వేయలేకపోతే మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లి నిలుచునే తీరు సరిచేయండి.

టాకిల్ ఎప్పుడు చేయాలి? ఆటగాళ్లకు నాలుగు సంకేతాలు నేర్పితే చాలు: బంతి ఫార్వర్డ్ స్టిక్‌ను వదిలి ముందుకు జారడం, బంతి అతని రివర్స్ వైపు వెళ్లి అక్కడే ఉండటం, సైడ్‌లైన్‌కు ఒకటిన్నర మీటరు లోపల అతను ఇరుక్కోవడం, మన తోటి ఆటగాడు వెనుక చేరి ‘ఇప్పుడు’ అని పిలవడం. వీటిలో మొదటిది అన్నిటికన్నా నమ్మదగినది. బంతి స్టిక్‌కు అంటుకుని ఉన్నంతసేపు దాని మీద అధికారం ఫార్వర్డ్‌దే, వదిలిన క్షణంలో అది ఎవరిదీ కాదు.

ఫోర్‌హ్యాండ్ బ్లాక్ టాకిల్‌కు రెండు చేతులూ స్టిక్ మీద ఉండాలి, ఎడమ చేయి నేలకు బాగా దగ్గరగా దిగాలి, స్టిక్ బంతి దారికి అడ్డంగా గోడలా నిలవాలి. దాన్ని ఊపి కొట్టకూడదు. పాదాలు స్టిక్ వెనుక వరుసలో కాకుండా పక్కకు ఉండాలి, లేకపోతే స్టిక్‌ను తప్పించుకున్న బంతి బూటుకు తగులుతుంది. ఈ రోజుల్లో ఫార్వర్డ్‌లు నేలకు ఆనిన స్టిక్ మీదుగా బంతిని ఎత్తి దాటించడం చిన్నప్పుడే నేర్చుకుంటున్నారు. అందుకే స్టిక్‌ను ముందే నేలకు పరిచి ఎదురుచూడటం పాత అలవాటు, మాన్పించండి. స్టిక్ ఆఖరి క్షణంలో దిగాలి.

శరీరం తగలకుండా బంతిని ఆడగల స్థితిలో ఉంటే తప్ప టాకిల్ చేయరాదన్నది నిబంధన. ఫార్వర్డ్ శరీరం దాటి చేయి చాచవలసి వస్తోందంటే అదను దాటిపోయినట్టే. అప్పుడు టాకిల్ మానేసి, పరుగెత్తి మళ్లీ గోల్‌కూ బంతికీ మధ్య చేరమని చెప్పండి.

ఐదో మెట్టు: ఎడమ వైపు కుడి వైపుకు అద్దంలో ప్రతిబింబం కాదు

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో నేను కుడి వైపు చేయించిన ప్రతి అభ్యాసాన్నీ తిప్పి ఎడమ వైపు కూడా చేయించేవాణ్ని: ‘సైడ్‌లైన్ వైపు నెట్టండి’ అనే ఒకే ఆజ్ఞ కుడి, ఎడమ వైపుల కాచే ఇద్దరు బ్యాక్‌లకూ. రైట్ బ్యాక్ చక్కగా చేసేవాడు. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడే అమ్మాయి మాత్రం సైడ్‌లైన్ దాకా ఫార్వర్డ్‌ను తీసుకెళ్లి, అక్కడ ఏమీ చేయలేక వదిలేసేది. రెండు నెలలు ఆమెదే తప్పనుకుని మందలించాను. ఒకరోజు ఒక ఆటగాడు తక్కువైతే ఆమె స్థానంలో నేనే నిలబడ్డాను. మూడో ప్రయత్నానికల్లా తెలిసొచ్చింది: నా స్టిక్ బంతి వెనుక ఉంది, ముందు లేదు.

కారణం ఇది. రైట్ బ్యాక్ సైడ్‌లైన్ వైపు తిరిగి వెనక్కి జరుగుతున్నప్పుడు అతని కుడి చేయి తన గోల్ వైపు ఉంటుంది. బంతి కూడా అటే వస్తోంది కాబట్టి అతని ఫోర్‌హ్యాండ్ బంతి దారికి ముందే అడ్డంగా ఉంటుంది. పైగా ఆ వైపు వచ్చే ఫార్వర్డ్ సైడ్‌లైన్ పక్క నుంచి మధ్యకు బంతి కొట్టాలంటే శరీరమంతా తిప్పుకోవాలి, లేదా రివర్స్‌లో కొట్టాలి. లెఫ్ట్ బ్యాక్ సైడ్‌లైన్ వైపు తిరిగితే కుడి చేయి గోల్‌కు వ్యతిరేక దిశలో ఉంటుంది. బంతికి ముందు పెట్టగలిగేది రివర్స్ స్టిక్ ఒక్కటే. ఎదుటివాడేమో హాయిగా ఫోర్‌హ్యాండ్‌తో పరుగెత్తుతూ అదే ఊపులో డి లోకి క్రాస్ కొట్టగలడు.

అందుకే లెఫ్ట్ బ్యాక్‌కు రెండు వేర్వేరు జవాబులు నేర్పాలి. ఏది వాడాలో లోపల మనవాడు ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లోపల సెంటర్ బ్యాక్ గానీ హాఫ్ గానీ కాచుకుని ఉంటే, లెఫ్ట్ బ్యాక్ సైడ్‌లైన్‌కూ బంతికీ మధ్యకు జరిగి, అదే ఎడమ కాలు ముందున్న తీరులో, బంతిని కుడి కాలికి ఎదురుగా ఉంచుకుని, ఫార్వర్డ్‌ను లోపలికి పంపాలి. నిలుచునే తీరు మారలేదు, గమ్యం మారింది. ఫార్వర్డ్ వెళ్లేది మన ఫోర్‌హ్యాండ్ మీదుగా, మన రెండో మనిషి స్టిక్ మీదకి.

లోపల ఎవరూ లేకపోతే మధ్యకు పంపడం ఆత్మహత్యే. అప్పుడు కుడి కాలు ముందు పెట్టి, బంతిని ఎడమ కాలికి ఎదురుగా ఉంచుకుని బయటికి నెట్టక తప్పదు. అయితే ఆశయం మారాలి: టాకిల్ కోసం కాదు, ఆలస్యం కోసం. ఫార్వర్డ్ కన్నా ఒక అడుగు ముందు, గోల్ వైపు ఉంటూ పక్కపక్కనే పరుగెత్తాలి. అతను క్రాస్ కొట్టడానికి వేగం తగ్గించినప్పుడో, బంతి బాగా ముందుకు జారినప్పుడో ఎడమ చేతితో స్టిక్‌ను తిరగేసి నేలకు పరిచి రివర్స్ టాకిల్ చేయాలి. దీనికి మణికట్టు బలం కావాలి. రోజూ అభ్యాసానికి ముందు ఐదు నిమిషాలు, కదలని బంతి మీద, తర్వాత మెల్లగా దొర్లే బంతి మీద రివర్స్ టాకిల్ ఒక్కటే చేయించండి. అటువైపు నుంచి వచ్చే క్రాస్‌ను స్టిక్‌తో అడ్డుకోవడమూ విజయమే. మనకు తగిలి కావాలని కాకుండా బ్యాక్‌లైన్ (గోల్ ఉన్న చివరి గీత) దాటితే ఎదుటి జట్టు 23 మీటర్ల రేఖ మీది నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, అప్పటికి మనవాళ్లు సర్దుకుంటారు.

రెండు గేట్ల ఆటను లెఫ్ట్ బ్యాక్‌ల కోసం మళ్లీ ఆడించండి, ఈసారి చిన్న మార్పుతో: ఫార్వర్డ్ బయలుదేరిన తర్వాత మీరు వెనుక నుంచి ‘ఉన్నాను’ అనో ‘లేను’ అనో అరవాలి. ఉన్నానంటే లోపలి గేటుకు, లేనంటే బయటి గేటుకు మళ్లించాలి. మాట ఆలస్యంగా చెప్పే కొద్దీ ఆట కఠినమవుతుంది.

ఆరో మెట్టు: వెనుక ఉన్నవాడి గొంతు

ఒంటరి డిఫెండర్ దారి మళ్లిస్తాడు, జంట బంతి లాగుతుంది. 20 మీటర్ల చదరంలో ఇద్దరిపై ఇద్దరిని ఆడించండి. బంతి ఎదుట ఉన్న డిఫెండర్ మళ్లిస్తాడు. రెండోవాడు అతనికి నాలుగైదు మీటర్ల వెనుక, లోపలి వైపు ఏటవాలుగా నిలుస్తాడు. ఎటు మళ్లించాలో నిర్ణయించేది వెనుక ఉన్నవాడే, ఎందుకంటే మైదానం అతనికి కనిపిస్తుంది, ముందున్నవాడికి బంతి మాత్రమే కనిపిస్తుంది. మాటలు పొట్టిగా ఉండాలి: ‘కుడి’, ‘ఎడమ’, ‘ఆగు’, ‘ఇప్పుడు’. ‘చూసుకో’, ‘జాగ్రత్త’ లాంటివి నిషేధించండి. వాటిలో సమాచారం లేదు, కంగారు తప్ప.

తర్వాత ముగ్గురు ఫార్వర్డ్‌లపై ఇద్దరు డిఫెండర్లు. హాకీలో ఆఫ్‌సైడ్ నిబంధన 1990ల చివరలోనే పోయింది కాబట్టి, ఒక ఫార్వర్డ్ డిఫెండర్ల వీపు వెనుకే కాచుకుని ఉండవచ్చు. అందువల్ల వెనుక ఉన్న డిఫెండర్ బంతిని, ఆ మూడోవాణ్ని ఒకే చూపులో ఉంచుకునేలా ఒంటిని తిప్పి నిలవాలి. ముందున్నవాడు ఆ మూడోవాడికి పాస్ వెళ్లే దారిలో స్టిక్ ఉంచుతూ అటువైపు కాకుండా మళ్లించాలి. ఇక్కడ స్టాప్‌వాచ్ వాడండి. బంతి లాగారా అని అడగకండి, ఎన్ని సెకన్లు ఆపారని లెక్కపెట్టండి. ఆరు సెకన్లు ఆపితే డిఫెండర్లకు పాయింటు. ఆరో సెకనులో మూడో డిఫెండర్‌ను లోపలికి వదలండి. నిరీక్షణకు ప్రతిఫలం ఉందని వారి శరీరానికి తెలియడం ముఖ్యం.

ఏడో మెట్టు: డి దగ్గర లెక్క మారుతుంది

ఇంతవరకు ఫోర్‌హ్యాండ్ వైపు మళ్లించమన్నాను. డి లోపల ఆ సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే దెబ్బతింటారు, ఎందుకంటే ఫార్వర్డ్ తన ఎడమ వైపుకు పరుగెత్తుతూ రివర్స్ హిట్ కొట్టగలడు, ఆ దెబ్బ ఫోర్‌హ్యాండ్‌కు ఏమీ తీసిపోదు. కాబట్టి డి గీత దగ్గరికి రాగానే డిఫెండర్ దూరాన్ని రెండు మీటర్ల నుంచి ఒక స్టిక్ పొడవుకు తగ్గించాలి. ఊపుకు చోటు లేకుండా చేయడమే ఉద్దేశం. స్టిక్ వెనక్కి లేచిన క్షణంలో బ్లాక్ పడాలి. బ్యాక్‌లైన్ వైపు మళ్లించడం ఇక్కడ కూడా మంచిదే, కోణం సన్నబడుతుంది. కానీ గోల్‌కీపర్‌కు బంతి కనిపించే దారిలో డిఫెండర్ శరీరం అడ్డుపడకూడదు. ఈ మెట్టును గోల్‌కీపర్ లేకుండా ఎప్పుడూ చేయించకండి. ఏ వైపు తనకు వదలాలో, ఏ వైపు మూయాలో చెప్పే హక్కు గోల్‌కీపర్‌దే, ఆ మాటకు ఎదురు చెప్పకూడదు.

పదేళ్ల లోపు పిల్లలకు ఈ మెట్టు అవసరం లేదు; వారికి గేట్ల ఆట వరకు నేర్పితే చాలు. షిన్ గార్డులు, మౌత్ గార్డు లేకుండా మాత్రం ఏ వయసువారినీ టాకిల్ అభ్యాసానికి దింపకండి.

ఎనిమిదో మెట్టు: ఆటలోకి తీసుకురావడం

చివరికి సగం మైదానంలో ఆరుగురిపై ఆరుగురిని ఆడించండి. ప్రతిసారీ ఆటను ఫ్రీ హిట్‌తో మొదలుపెట్టండి. 2009 నుంచి ఫ్రీ హిట్ తీసుకునేవాడు తనకు తానే పాస్ ఇచ్చుకుని పరుగెత్తవచ్చు. డిఫెండర్ ఐదు మీటర్ల దూరం ఉండాలి. ఆ ఐదు మీటర్లలో నిద్రపోయే డిఫెండర్లను చాలామందిని చూశాను. దూరంగా వెళ్లేటప్పుడే మూయవలసిన వైపుకు వంపు తిరుగుతూ వెళ్లి, ఎడమ కాలు ముందు పెట్టి సిద్ధంగా ఉంటే, విజిల్ తర్వాతి మొదటి తాకు నుంచే చానెలింగ్ మొదలవుతుంది.

పాయింట్లు ఇలా ఇవ్వండి: సైడ్‌లైన్ దాటేలా చేస్తే రెండు, వెనక్కి పాస్ ఇచ్చేలా చేస్తే రెండు, శుభ్రమైన టాకిల్‌కు ఒకటి, డి లోపల తప్పు చేస్తే మైనస్ మూడు. టాకిల్‌కు తక్కువ ఎందుకని తప్పకుండా అడుగుతారు. ఫార్వర్డ్ వెనక్కి పాస్ ఇచ్చాడంటే డిఫెండర్ సమతుల్యం కోల్పోకుండా మొత్తం దాడిని తిప్పికొట్టినట్టని వారికి వివరించండి.

మ్యాచ్ రోజున అదనపు ఆటగాడొకరికి కాగితం, పెన్సిల్ ఇచ్చి మూడు విషయాలే రాయమనండి: ఫార్వర్డ్ ఎటు వెళ్లాడు, అతన్ని ఎన్ని సెకన్లు ఆపారు, చివరికి బంతి ఎవరి చేతికి చిక్కింది. రైట్ బ్యాక్‌కు, లెఫ్ట్ బ్యాక్‌కు వేర్వేరు కాగితాలు పెట్టండి. తర్వాతి అభ్యాసాన్ని లెఫ్ట్ బ్యాక్ కాగితం చూసి మొదలుపెట్టండి.